దుమ్ము దులపని పెట్టెలు

నా భార్య వెర్నా పోయాక శనివారం మధ్యాహ్నాలు నాకు కష్టంగా ఉండేవి. మిగతా రోజులు తోట, వంట, పుస్తకాలతో ఎలాగో గడిచిపోయేవి. శనివారం మాత్రం మేమిద్దరం కారెక్కి ఎక్కడికో ఒక చోటికి వెళ్ళేవాళ్ళం. ఎక్కడికన్నది పెద్ద విషయం కాదు, వెళ్ళడమే విషయం. అందుకే కార్డర్స్ క్రీక్ దగ్గరి పాత ఆపిల్ ప్యాకింగ్ షెడ్డులో మార్నీ డగ్గన్ బ్రూవరీ పెట్టిందనీ, శనివారాలు వచ్చినవాళ్ళకి రుచి చూపిస్తోందనీ తెలిసినప్పుడు, బీరు మీద నాకు పెద్దగా మోజు లేకపోయినా కోటు వేసుకుని బయల్దేరాను.

మార్నీ నా దగ్గర తొమ్మిదో తరగతిలో సైన్సు చదువుకుంది. బూజు ఎలా పెరుగుతుందో ఇంట్లో చేసి చూపించమంటే క్లాసంతా రొట్టెముక్కలు పట్టుకొచ్చారు. ఆ పిల్ల వాళ్ళ నాన్న రబ్బరు బూటు పట్టుకొచ్చింది. అందులో మూడు రంగుల బూజు ఉంది. ఆమె ఈ పనిలోకి వచ్చిందంటే నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. బెల్జియంలో కొన్నేళ్ళు బీరు కాచేవాళ్ళ దగ్గర పని నేర్చుకుని, కిందటి వేసవిలో మా లోయకి తిరిగొచ్చింది.

నేను వెళ్ళేసరికి బల్ల ముందు డగ్ వూలీ ఉన్నాడు. ఇతనూ నా శిష్యుడే. ఇప్పుడు చెర్రీ తోటలున్నాయి, మనవరాలు కూడా ఉంది. చేతిలో గుండ్రంగా, కాడ ఉన్న గ్లాసు పట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"చూడండి సార్, దీని పని! బీరు అడిగితే పూలకుండీలో పోసిచ్చింది."

"అది ఆ బీరుకున్న గ్లాసు డగ్," అంది మార్నీ. "ఒక్కో బీరుకి ఒక్కో గ్లాసు. అక్కడ తప్పు గ్లాసులో పోస్తే ముసలాళ్ళు తాగకుండా వెనక్కి పంపేస్తారు."

"ఇక్కడి ముసలాళ్ళు బకెట్లో పోసినా తాగుతారు. అవునా సార్?"

"నీ సంగతి నువ్వు చెప్పుకో," అన్నాను.

మార్నీ నాకు గోధుమ బీరు ఇచ్చింది. తెల్లగా, మసకగా ఉంది. నారింజ తొక్క, ధనియాలు వేసి కాస్తారట. ఆ తర్వాత ముదురు గోధుమ రంగుది ఒకటి. ఎండు ద్రాక్ష, మాడిన చక్కెర గుర్తొచ్చాయి. వెర్నా క్రిస్మస్ పుడ్డింగు ఉడికే రోజున వంటింట్లో ఉండే వాసన అది. నేను గ్లాసు కాసేపు ముక్కు దగ్గరే పెట్టుకున్నాను. మార్నీ చూసింది, ఎలా ఉందని అడగలేదు. కొంతమందికి ఎప్పుడు అడగకూడదో తెలుస్తుంది.

"ఇవన్నీ కొన్న ఈస్టుతో కాచినవి సార్. ఇలాంటివి ఎక్కడైనా కాయొచ్చు," అంది కాసేపయ్యాక. "నేను తిరిగొచ్చింది వీటి కోసం కాదు. పైకి రండి, చూపిస్తా."

పై అటక మీద, పాత దూలాల కింద, వెడల్పుగా, లోతు తక్కువగా ఒక రాగి తొట్టి ఉంది. చిన్న పిల్లలు ఈదులాడొచ్చు అందులో. మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన తీపి రసాన్ని చేదు కోసం హాప్ పూలతో మరిగించి, మంచి చలికాలం చూసి, సాయంత్రం ఈ తొట్టిలోకి వదులుతారట. కిటికీలు తెరిచి తెల్లారేదాకా అలా వదిలేస్తారు. పులియబెట్టే ఈస్టు ఎవరూ వెయ్యరు. గాలిలో, దూలాల్లో, గోడల్లో ఏవి బతుకుతున్నాయో అవే వచ్చి పడతాయి. పొద్దున్నే ఆ రసాన్ని పీపాల్లోకి ఎక్కిస్తే, అది తనంతట తాను పులుస్తుంది. తాగడానికి ఏడాది పైనే పడుతుంది.

"అంటే పాలల్లో తోడు వెయ్యకుండా పెరుగు కోసం ఎదురు చూడ్డం," అన్నాను.

"అంతే! గిన్నెకి అంటుకున్నదే తోడు." ఆమె తలెత్తి దూలాల వైపు చూసింది. బూడిదరంగు సాలెగూళ్ళు గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి. "ఈ షెడ్డులో వందేళ్ళు ఆపిళ్ళు సర్దారు సార్. కుళ్ళినవి, చితికినవి, రసం కారినవి. అదంతా ఈ చెక్కలోకి దిగింది. షెడ్డు కొనకముందు ఇక్కడంతా చిన్న సీసాల్లో రసం పోసి పెట్టి చూశా. కిటికీ పక్కన పెట్టింది కంపు కొట్టింది. ఇదిగో, ఈ దూలం కింద పెట్టింది మాత్రం..." ఆగి నవ్వింది. "తేనె, ఆపిల్ తొక్క, కొంచెం గుర్రపు జీను."

"గుర్రపు జీనా?"

"మంచి వాసనే సార్, నమ్మండి. నాకు పని నేర్పిన ముసలాయన సాలెగూటి మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. పైకప్పు పాడైతే కొత్తది వేయించాడు గానీ, దాని కింద పాత పలకలన్నీ తెచ్చి మళ్ళీ పరిపించాడు. కొత్త చెక్కకి ఏమీ తెలీదు, పాతది దాని పక్కనుండి నేర్పాలి అనేవాడు."

వచ్చే వారమే మొదటిసారి కాస్తానంది. ఆగస్టు చివర. భూగోళం కింది సగంలో ఉన్న మాకు చలికాలం వెళ్ళిపోయేది అప్పుడే. అంతకన్నా ఆలస్యమైతే రాత్రులు వెచ్చబడతాయి, పాడుచేసే క్రిములు చేరతాయి. అప్పుడు మళ్ళీ వచ్చే చలికాలం దాకా ఆగాల్సిందే.

ఆ రోజు ఇంటికి వెళ్తూ, శనివారం ఎలా గడిచిందో గమనించనే లేదని గుర్తొచ్చింది.

*

మార్నీ పాత వైన్ పీపాల కోసం లారీ తీసుకుని ఉత్తరాన లాన్సెస్టన్ వైపు వెళ్ళింది. నేను కంటి డాక్టరుకి చూపించుకోవడానికి హోబార్ట్ వెళ్ళాను. నోలీన్ క్రిప్స్ ఆ సమయం చూసుకుంది.

నోలీన్ మా ఊరి హాలు కమిటీకి పెద్ద. ఎవరింట్లో చావైనా, పుట్టుకైనా, కంచె కూలినా, ముందు కారు ఆగేది ఆమెదే. వెర్నా చివరి నెలల్లో మా వరండాలో మూతపెట్టిన గిన్నెలు కనిపించేవి. ఎవరు పెట్టారో చెప్పేవారు కాదు. గిన్నెల అడుగున మాత్రం ఎర్ర గోళ్ళరంగుతో క్రిప్స్ అని రాసి ఉండేది. ఆమె పూనుకుంటే మా ఊళ్ళో శ్రమదానానికి రానివాళ్ళు ఉండరు.

నేను హోబార్ట్ నుంచి వస్తుంటే షెడ్డు ముందు కార్లు, వెనక సామాను తొట్టి ఉండే యూట్లు బారుగా కనిపించాయి. సాసేజిలు కాలుతున్న పొగ కనిపించింది. ఆపి లోపలికి వెళ్ళాను. ముందు నాకు తెలిసింది వాసన లేకపోవడం. వందేళ్ళ ఆపిళ్ళ వాసన, తడి చెక్క, తీపి, కాస్త సారా. అదేదీ లేదు. బ్లీచింగు వాసన కళ్ళు మండిస్తోంది.

"చూడు క్లైవ్!" నోలీన్ తలకి గుడ్డ కట్టుకుని, చేతులకి రబ్బరు తొడుగులతో, మొహమంతా వెలిగిపోతూ వచ్చింది. "పాపం ఆ పిల్ల ఒక్కత్తీ ఎన్నాళ్ళని కడుగుతుంది? తినే, తాగే వస్తువులు చేసే చోట అంత బూజా! డగ్ ప్రెషర్ పంపు తెచ్చాడు. దూలాలన్నీ నేనే నిచ్చెనెక్కి తోమాను. ఇప్పుడు ఫుడ్ ఇన్‌స్పెక్టరొచ్చినా నేల నాకొచ్చు."

నేను పైకి చూశాను. దూలాలు లేత పసుపుగా, కొత్తగా మెరుస్తున్నాయి. చివరల్లోంచి నీళ్ళింకా బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

ఏదో అనేలోపే లారీ వచ్చి ఆగింది. అందరూ తలుపు దగ్గరికి పరిగెత్తి చప్పట్లు కొట్టారు. మార్నీ నవ్వుతూ దిగింది. గుమ్మం దాటింది. ముక్కు ఎగబీల్చింది. తల నెమ్మదిగా పైకెత్తింది. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను. మిగతావాళ్ళు దూలాలను చూస్తున్నారు.

"ఎలా ఉంది తల్లీ?" అంది నోలీన్.

"అబ్బ... ఎంత..." మార్నీ చూపు దించి నోలీన్‌ని చూసింది. "ఎంత శుభ్రంగా ఉందో నోలీన్ ఆంటీ."

ఆమెను కౌగిలించుకుంది. డగ్ ఇచ్చిన సాసేజి రొట్టె తీసుకుని తిన్నది. ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి పేరుపేరునా థాంక్స్ చెప్పింది. అందరూ వెళ్ళిపోయాక నేను పైకెక్కి చూస్తే, ఖాళీ తొట్టి అంచున కూర్చుని ఉంది.

"సైన్సు మాస్టారు కదా సార్, మీరైనా చెప్పండి. బ్లీచింగుతో కడిగితే ఏదన్నా మిగులుతుందా?"

నేను అబద్ధం చెప్పలేకపోయాను. "పెద్దగా మిగలదు మార్నీ."

"వారంలో కాయాలి. కాయకపోతే ఏడాది పోతుంది. కాసి, ఏదీ వచ్చి పడకపోతే ఆ రసం కుళ్ళిపోతుంది. కాలవలో పొయ్యాలి." తలెత్తి దూలం వైపు చూసింది. "ఏడాది పోతే పోనీ అనుకుందాం. కానీ ఆ దూలం మళ్ళీ ఎప్పటికి అలా అవుతుంది? ఆపిళ్ళే లేవుగా ఇక్కడ."

నిజమే. ఇంగ్లండు మా ఆపిళ్ళు కొనడం తగ్గించేసిన కాలంలో లోయలో సగం తోటలు పెరికేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఈ షెడ్డు మూతపడింది.

"వాళ్ళకి చెప్పకండి సార్," అంది. "వాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారో చూశారుగా. దయచేసి చెప్పకండి."

*

ఆ సాయంత్రం టీ పెట్టుకుని తాగడం మర్చిపోయాను. వెనక గదిలోకి దేనికో వెళ్ళి, లైటు వేసి, అక్కడే నిలబడిపోయాను.

వెర్నా చిన్నప్పుడు ఆ షెడ్డులోనే పని చేసింది. ఒక్కో ఆపిల్‌నీ పల్చటి కాగితంలో మెలిపెట్టి చుట్టి, పెట్టెలో వరసలు పేర్చడం. ఆ మెలిక ఆమె చేతుల్ని వదల్లేదు. నా శాండ్విచ్‌లు, పిల్లలకిచ్చే బహుమతులు, ఎండబెట్టిన విత్తనాలు, అన్నీ అదే మెలికతో చుట్టేది. షెడ్డు మూసేసినప్పుడు పాత పెట్టెలు కొన్ని తెచ్చుకుని, వెనక గదిలో గోడకి పేర్చి అలమరా చేసుకుంది. జాము సీసాలు, విత్తనాలు, దారాలు. ఆమె పోయాక నేను అందులోంచి ఒక్క సీసా కూడా కదపలేదు. దుమ్ము దులపాలనుకునేవాణ్ణి. మనసొప్పేది కాదు.

పెట్టెల వెనక మూలల్లో సాలెగూళ్ళు దట్టంగా ఉన్నాయి. పాత షెడ్డు వాసన ఏమైనా మిగిలిందేమోనని ముక్కు దగ్గరపెట్టి చూశాను. ఉంది. సన్నగా, ఎక్కడో అడుగున, ఉంది.

మార్నీ చెప్పిన ముసలాయన గుర్తొచ్చాడు. కొత్త కప్పు కింద పాత పలకలు.

సీసాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. అలా తీస్తుంటే పెట్టెల చివర చెక్క మీద నీలం ముద్రలు కనిపించాయి. సర్దినవాళ్ళ నంబర్లు అవి. లండన్లో పెట్టె తెరిచినప్పుడు ఆపిళ్ళు నలిగి ఉంటే ఎవరు సర్దారో తెలియాలని వేసేవాళ్ళు. నా పెట్టెలన్నింటి మీదా పంతొమ్మిదే ఉంది, అది వెర్నా నంబరు. ఎవరో పారేసినవి తెచ్చుకుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు. ఎక్కడికీ పంపకుండా మిగిలిపోయిన అంత పెద్ద గుట్టలో తన చేతి పెట్టెలే వెతికి తెచ్చుకుంది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటాక కూడా ఆమె గురించి తెలుసుకోవలసింది ఇంకా మిగిలి ఉందంటే, ఆ సాయంత్రం అది నాకు దుఃఖంలా అనిపించలేదు.

అయితే పెట్టెలు పదో పన్నెండో. ఆ తొట్టికి చాలవు. మరిన్ని కావాలంటే ఊళ్ళో అడగాలి. అడగాలంటే చెప్పాలి. మార్నీ చెప్పొద్దంది. నేను చాలాసేపు ఆలోచించాను. వంట మాడిపోతే వెర్నా పిల్లల ముందు బాగుందని తినేది కాదు. మాడింది, మళ్ళీ చేద్దాం రండి అనేది. పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

కోటు వేసుకుని నోలీన్ ఇంటికి వెళ్ళాను.

*

ఆమె నారింజ మార్మలేడు కాస్తోంది. నేను జరిగింది చెబుతుంటే గరిటె తిప్పుతూనే విన్నది. తిప్పడం నెమ్మదించింది. తర్వాత ఆగింది. పొయ్యి ఆర్పేసింది.

"అంటే ఆ బూజే ఆ పిల్ల బీరుకి తోడా?"

"అవును."

"నిచ్చెనెక్కి తోమాను క్లైవ్. ఈ మోకాళ్ళేసుకుని. డగ్ వద్దన్నా వినకుండా రెండోసారి కూడా తోమాను."

"నీకెలా తెలుస్తుంది నోలీన్? మనలో ఎవరికి తెలుసు?"

"అడగొచ్చుగా! నోరుందిగా నాకు, రోజంతా వాగుతూనే ఉంటాగా." ఆప్రాను చివర పట్టుకుని చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు. "ఆ పిల్ల నన్ను కౌగిలించుకుంది క్లైవ్. థాంక్స్ ఆంటీ అంది. కడుపులో అంత పెట్టుకుని. తిట్టినా బాగుండేది."

నేను పెట్టెల సంగతి చెప్పాను. 

"ఆ షెడ్డు పెట్టెలేనా కావాల్సింది?"

"అవే. కడగనివి."

"కడగనివి," అంది, ఆ మాట మొదటిసారి వింటున్నట్టు. ఫోను తీసింది. "డగ్? నేనే. నోరు మూసుకుని విను. మీ అమ్మ పెట్టెలు ఇంకా ఉన్నాయా? కోళ్ళ షెడ్డులోనా? ఒరేయ్, కోళ్ళు గుడ్లు పెట్టినవి కాదు... దుమ్ముపట్టినవి. ఎంత దుమ్ముంటే అంత మంచిది. కాదు, తాగలేదు నేను."

*

మర్నాడు మధ్యాహ్నానికి షెడ్డు ముందు మళ్ళీ యూట్లు బారులు తీరాయి. మార్నీ బయటికొచ్చి చూసి, నా వైపు తిరిగింది. కోపంగా ఉంటుందనుకున్నాను. కళ్ళలో నీళ్ళున్నాయి.

"చెప్పేశారన్నమాట."

"చెప్పాను. నన్ను తిట్టుకో."

నోలీన్ వచ్చి ఆమె ఎదుట నిలబడింది. క్షమించమని అడగడం ఆమెకు అలవాటు లేని పని. చేతిలో ఉన్న పెట్టెను ముందుకు చాచింది. అందులో సాలెగూడు, ఎండిన ఆకులు, ఎవరిదో పాత తువ్వాలు ముక్క.

"నేను ముట్టుకోలేదు తల్లీ. దేవుడి మీదొట్టు. అరచేతుల్తో అంచులే పట్టుకున్నా."

మార్నీ పెట్టె అందుకుని, అందులో తలపెట్టి గట్టిగా గాలి పీల్చింది. తర్వాత తలెత్తి, "ఆంటీ," అంది. "ఇది బంగారం."

అక్కడి నుంచి నోలీన్‌కి మళ్ళీ గొంతు వచ్చింది. "దులపకండి! ఎవరూ ఊదకండి! ఏయ్ డగ్, ఆ చీపురు ఇవతల పడెయ్!"

"అది కింద నేల ఊడ్చడానికి..."

"నేల కూడా ఊడవద్దు!"

"నిన్న తోమమన్నావు, ఇవాళ ఊడవద్దంటున్నావు. పెళ్ళామే నయం సార్," అన్నాడు డగ్ నాతో.

ఎవరో పెట్టెలకి తెల్లరంగు వేసి పుస్తకాలు పెట్టుకున్నారు. వాటిని మార్నీ మర్యాదగా పక్కన పెట్టింది. డగ్ తెచ్చిన వాటిలో కోడి ఈక ఒకటి కనబడితే అవీ పోయాయి. మిగిలినవి తొట్టి చుట్టూ గోడల్లా, కప్పుదాకా పేర్చాం. నంబర్లు బయటికి కనబడేలా పేర్చుదామని ఎవరూ అనలేదు. కానీ అందరూ అలాగే పేర్చారు. డగ్ ఇంకెవరో తెచ్చిన ఒక పెట్టె ముందు ఆగి, వేలితో ముద్ర చుట్టూ గీశాడు.

"ఇది మా అమ్మ నంబరు," అన్నాడు. ఆ తర్వాత కాసేపు జోకులు వెయ్యలేదు.

వెర్నా పెట్టెలను మార్నీ ఆ పాత దూలం కింద, తొట్టికి అన్నిటికన్నా దగ్గరగా పెట్టింది. నేను అడగలేదు.

"ఇది సైన్సో నా పిచ్చో నాకే తెలీదు సార్," అంది మెల్లగా. "పని చెయ్యకపోవచ్చు."

"తెలుసు," అన్నాను.

చలి బాగా బిగిసిన సాయంత్రం చూసి రసం పైకి వదిలింది. ఆవిరి లేచి అటకంతా తెల్లగా కమ్మేసింది. పెట్టెల చెక్కలకి ఆ వేడి తగిలి పాత వాసన ఒక్కసారిగా విడుదలైంది. మెట్ల మీద నిలబడిన మేమంతా ఒకేసారి తలలెత్తి పీల్చాం. సాయంత్రం పని ముగించి వచ్చిన వెర్నా కోటుకి ఉండే వాసన అది. పెళ్ళికి ముందు, నేను సైకిలు పట్టుకుని షెడ్డు గేటు దగ్గర కాచుకున్న రోజుల్లోది. మార్నీ కిటికీలు తెరిచి, ఇక అందరూ వెళ్ళిపొండంది.

పొద్దున్నే రసం పీపాల్లోకి ఎక్కింది. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు.

నోలీన్ రోజూ వచ్చేది. ఏదో వంకతో. కేకు ముక్కనో, మర్చిపోయిన గొడుగనో. "పీపాల్లో ఏమైనా కదిలిందా?" అనేది గుమ్మంలోంచే. లేదంటే, "నేనసలు దానికోసం రాలేదు," అని వెళ్ళిపోయేది. మార్నీ మొహం రోజురోజుకీ సన్నబడింది. ఒకరోజు పీపాలో పైన పల్చగా బూజు పొరలాంటిది కనిపించిందట. అది మంచిదో చెడ్డదో చెప్పడానికి ఇంకా కొంత టైము కావాలంది. ఆ పూట నాకు టీ ఇస్తూ రెండుసార్లు చక్కెర వేసింది. నేను తాగేశాను.

ఆ శనివారం నేనూ నోలీనూ ఒకేసారి గేటు దగ్గర కలిశాం. లోపల మార్నీ ఒక పీపాకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. రమ్మని చెయ్యి ఊపింది.

నేను వంగి చెవి పెట్టాను. చెక్క చల్లగా ఉంది. ముందు నా రక్తం చప్పుడే వినిపించింది. తర్వాత, చాలా దూరంగా, సన్నటి వాన ఆకుల మీద పడుతున్నట్టు, బుడగల చప్పుడు.

"ఏదీ, నన్ను విననీ," అని నోలీన్ నన్ను పక్కకి తోసింది. చెవి పెట్టింది. మొహం పాలిపోయింది. "నాకేమీ వినబడ్డం లేదు."

"అది మీ చెవుడు చెవి ఆంటీ. అటు తిరగండి."

నోలీన్ తల తిప్పి రెండో చెవి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. నేను కిటికీ వైపు చూశాను. ఇలాంటప్పుడు చూడకపోవడమే మర్యాద.

పీపా పైన బిరడా పక్కనుంచి చిన్న నురగ పొంగింది. లేత గోధుమ రంగు నురగ. గుప్పుమని ఆపిల్ తొక్క వాసన వేసింది. అది అంచు దాటి పీపా పొట్ట మీదుగా కిందికి జారడం మొదలుపెట్టింది. నోలీన్ చెయ్యి అలవాటుగా ఆప్రాను జేబులోకి వెళ్ళి గుడ్డ తీసింది. నురగ దాకా వెళ్ళి అక్కడే గాల్లో ఆగిపోయింది.

"తుడవనా?" అంది, మార్నీ వైపు చూస్తూ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మార్నీ నవ్వుతూ ఏడుస్తూ ఉంది. "అది తుడవొచ్చు ఆంటీ," అంది.